జింకకు నాలుగు కాళ్ళు

హైరో, వేటగాళ్ల సంఘం ప్రెసిడెంటువి నువ్వే కదా, విను. నీ పక్కన కూర్చుని తలూపిన మున్సిపాలిటీ డిప్యూటీ, నువ్వూ విను. గ్రాదినా కొండ మీది ఎర్ర బోర్డులు గాలికి పడిపోలేదు. మంచుకు పుచ్చిపోలేదు. మీరే పీకారు. ఒక పుర్రె బొమ్మ, దాని కింద "మందుపాతరలు" అన్న మాట. చదువు రాని పిల్ల కూడా చూసి వెనక్కి తిరిగే ఆ బోర్డులు ఇరవై ఏళ్లకు పైగా మా కొండ మీద నిలబడ్డాయి. యుద్ధంలో మా మీద తూటాలు కురిపించినవాళ్లు కూడా వాటి జోలికి రాలేదు. మీరొచ్చారు.

నేను పెద్దగా చదువుకోలేదు. రంపం మిల్లులో చెక్కలు పేర్చేదాన్ని. అక్కడ సమ్మె జరిగినప్పుడు మైకు పట్టుకోవడం నేర్చుకున్నాను. అదే నా చదువు. చుట్టు తిప్పి మర్యాదగా చెప్పడం నాకు రాదు. ఈ వేసవిలో మా ఇంట్లో ఏం జరిగిందో అది చెబుతాను. దమ్ముంటే వినండి.

ఏప్రిల్ ఆఖరు. హైరో మా వంటింట్లో కూర్చుని, నేను పోసిన కాఫీ తాగుతూ, మా ఆయన బెచిర్‌ను ఎగదోస్తున్నాడు.

"ఒరేయ్ బెచిర్, పొయ్యి పక్కన పిల్లిలా ఇంకెన్నాళ్లు పడుంటావురా? ఈ లోయలో నీలా జింకను పిలిచేవాడు ఇంకొకడు పుట్టలేదు. తుపాకి ఏం చేశావు, అమ్ముకు తిన్నావా?"

"అటక మీద ఉంది," అన్నాడు బెచిర్.

అంతే. యుద్ధానికి ముందు, ఏ మగ జింక ఏ చెట్టుకు కొమ్ములు రుద్దుతుందో గంటలకొద్దీ చెప్పిన మనిషి. గ్రాదినా మీద కందకాల్లో రెండు చలికాలాలు ఉండి వచ్చాక నోరు మూతపడిపోయింది. "రొట్టె ఉందా", "కట్టెలు కొట్టాను", "పడుకుంటా". ఇన్నేళ్లు నేను కాపురం చేసింది ఈ ముక్కలతోనే. కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు. ఇంట్లో ఉండేవాడు, లేనట్టు ఉండేవాడు. అడవి అంచు దాటి అడుగు వేసేవాడు కాదు. పుట్టగొడుగులు కూడా నేనే రోడ్డు పక్కన ఏరుకొచ్చేదాన్ని.

"కొండ నిండా మందుపాతరలు పెట్టుకుని వేటకు రమ్మంటావేంటి హైరో?" అన్నాను నేను.

"అయ్యో షెఫికా, నువ్వింకా ఆ కాలంలోనే ఉన్నావు. వాగు దగ్గర్నుంచి పైగట్టు దాకా కొండంతా శుభ్రం. బోర్డులు తీసేశాం, చూడలేదా?"

"బోర్డు తీస్తే కింద ఉన్నది పోతుందా?"

"ఉత్తినే తీస్తామా? రెండేళ్లు చెట్లకు కెమెరాలు కట్టి చూశాం. జింకలు మందలు మందలుగా తిరుగుతున్నాయి. ఒక్కటి పేలిందా? జింక నడిచిన చోట మనిషి నడవొచ్చు. మా తాతల నాటి లెక్క ఇది."

"మీ తాతల నాటికి మందుపాతరలు ఎక్కడివి?"

హైరో పెద్దగా నవ్వాడు. "నీ పెళ్లానికి నోరు తగ్గలేదురా బెచిర్. నీ వాటా కూడా ఆమే మాట్లాడేస్తోంది."

బెచిర్ తలెత్తాడు. "మావి మేం తీసేశాం. వాళ్లు పెట్టినవి నాకు తెలీదు."

"వాళ్లవీ తీశారులే," అన్నాడు హైరో, చక్కెర బిళ్ల కాఫీలో ముంచుతూ. ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు? చెప్పలేదు. డిప్యూటీ సరేనన్నాడని మాత్రం చెప్పాడు.

అసలు సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. జింక కొమ్ములు గోడకు తగిలించుకోవడానికి బయటి దేశాల నుంచి వచ్చే అతిథులు కావాలి సంఘానికి. పుర్రె బోర్డు చూస్తే ఏ అతిథి కారు దిగుతాడు? అందుకని బోర్డులు లేచిపోయాయి. అతిథి మంచె మీద కూర్చుంటే జింకను పిలిచిపెట్టే మనిషి ఒకడు కావాలి. అందుకని బెచిర్ గుర్తుకొచ్చాడు.

నేను నమ్మలేదు. కానీ ఆ సాయంత్రం బెచిర్ నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. పాత దుప్పటి విప్పి, తుపాకిని ఒళ్లో పెట్టుకుని, నూనె గుడ్డ అడిగాడు. అడుగుతూ నా మొహంలోకి చూశాడు. ఆయన అలా చూసి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు. వెళ్లి నూనె గుడ్డ తెచ్చిచ్చాను. మళ్లీ అడిగితే మళ్లీ తెస్తాను. తప్పు నూనె గుడ్డది కాదు.

మే నెలలో లైసెన్సు కొత్తగా రాయించుకుని, మొదటిసారి తెల్లవారుజామున వెళ్లాడు. ఎండెక్కాక వచ్చాడు. చేతిలో ఏమీ లేదు.

"ఒట్టి చేతులేనా?" అన్నాను.

బూట్లు విప్పుకుంటూ మొదలుపెట్టాడు. "ఒక ఆడ జింక షెఫికా, దాని వెనక రెండు పిల్లలు, ఇంకా కాళ్లు సరిగ్గా నిలవడం లేదు. నన్ను చూసి మొరిగింది. కుక్క మొరిగినట్టు! ఎవడ్రా నువ్వు, ఈ కొండ మీద ఎప్పుడూ చూళ్లేదే అన్నట్టు. నేను కదల్లేదు. అదీ కదల్లేదు. ఆ పిల్లలు మాత్రం మా ఇద్దరి మధ్య గడ్డి తింటున్నాయి, సంతలో పిల్లల్లాగా..."

చెబుతూనే ఉన్నాడు. నేను పిండి చేతులతో అలాగే నిలబడిపోయాను. పక్కింటి మగాడు పొరపాటున మా ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టు ఉంది.

ఆ మధ్యాహ్నం మా మరిది ఎసాద్ వచ్చి, అన్న మాటలు కాసేపు విని, నన్ను పక్కకు పిలిచాడు. "వదినా, మా అన్నను అడవిలో ఎవరో మార్చేశారు. ఈయన పేరేంటో అడిగావా?"

"అడగను. మళ్లీ మార్చుకుపోతారేమో," అన్నాను.

జూన్‌లో మొదటి మగ జింకను కొట్టాడు. దాని నోట్లో దేవదారు కొమ్మ ముక్క ఉంది. చివరి ముద్ద అంటారు దాన్ని. ఆకలితో పంపకూడదట.

"చంపి, మళ్లీ అన్నం పెట్టడమేంటయ్యా?" అన్నాను.

"చంపాం కాబట్టే పెట్టాలి."

కాలేయం ఉల్లిపాయలతో వేయించాను. ఎసాద్ రొట్టెతో పెనం తుడిచి మరీ తిన్నాడు. బెచిర్ తినడం కంటే చెప్పడం ఎక్కువ. తగలగానే వెంటపడకూడదు, కూర్చుని ఒక సిగరెట్టు కాల్చాలి. తరిమితే అది ఉన్న బలమంతా కూడగట్టుకుని దూరం పోతుంది. సిగరెట్టు అయిపోయాక నెత్తుటి జాడ పట్టుకుని వెళ్లాలి. ఎంత దూరమైనా వెళ్లాలి. దెబ్బ తిన్నదాన్ని అడవిలో వదిలి ఇంటికొచ్చేవాడు వేటగాడే కాదు.

"అది పొదలో పడి మూలుగుతుంటే నువ్వు దుప్పటి కప్పుకుని ఎలా పడుకుంటావు?" అన్నాడు. తల దించుకుని కాసేపు రొట్టె తుంచుతూ కూర్చున్నాడు. కందకాల్లోని సంగతులు ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. ఆ పూట మాత్రం చెప్పినట్టే అనిపించింది.

జూలై ఆఖరుకు జింకలు జత కట్టే కాలం వచ్చింది. బెచిర్ బీచ్ చెట్టు ఆకు పెదాల మధ్య పెట్టుకుని ఆడ జింక గొంతు పలికించాలి. మగది పరిగెత్తుకుని వస్తుంది. ఇన్నేళ్లలో ఊపిరి తప్పిందని మా వంటింట్లోనే సాధన మొదలుపెట్టాడు. పీ... పీ... అని పొద్దంతా. మా కుక్క గారొవ్ బల్ల కింద దూరి తల బయటపెట్టలేదు.

కంచె అవతల నుంచి హస్నియా కేకేసింది. "షెఫికా! ఇంట్లో ఎవరికి పురిటినొప్పులే?"

కిటికీలోంచి బెచిరే జవాబిచ్చాడు. "నీ మొగుణ్ణి పిలుస్తున్నాను హస్నియా! ఇంకా రాలేదా?"

నేను పొయ్యి దగ్గర కూలబడి నవ్వాను. కడుపు పట్టుకుని, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వాను. మా పెళ్లయిన కొత్తలో అలా నవ్వేదాన్ని. ఆ మనిషి ఈ మనిషే. ఇన్నేళ్లు ఎక్కడో ఉండి, ఈ వేసవికి ఇంటికొచ్చాడు. హైరో, నేను నిన్ను మనసులో దీవించాను, తెలుసా? ఆ దీవెన వెనక్కి తీసుకుంటున్నాను.

ఆగస్టులో ఒక సాయంత్రం, గ్రాదినా కింద వాగు పక్క మా గడ్డి బీట్లో నేనూ ఎసాదూ ఎండుగడ్డి తిరగేస్తున్నాం. అతిథుల కోసం సంఘం వాగు అవతల కొత్త మంచె కట్టింది. మంచి ఆకుపచ్చ రంగు వేసి, లోపల చెక్క కొట్టి, పెళ్లిపందిరిలా తయారుచేశారు. బెచిర్ తుపాకి భుజాన వేసుకుని అటు బయల్దేరాడు.

"పొద్దు వాలగానే వచ్చేస్తా. కాఫీ నాకు ఉంచు, ఈ ఎసాద్‌కు పొయ్యకు."

"ముందు నా సిగరెట్లు ఇచ్చి కదులు," అన్నాడు ఎసాద్.

"జింక తగిలితే ఒకటి కావాలి. తగలకపోతే రెండు కావాలి," అంటూ పోయాడు.

కాసేపటికి కొండ మీంచి ఆకు పలికింది. ఆగింది. మళ్లీ పలికింది. ఆ తర్వాత తుపాకి. చప్పుడు ఎదుటి కొండకు కొట్టుకుని తిరిగొచ్చింది.

"తగిలింది," అన్నాడు ఎసాద్. "ఇప్పుడు నా సిగరెట్టు ముట్టించి ఉంటాడు."

గడ్డి మీద కూర్చున్నాం. ఎసాద్ కూడా జేబులో మిగిలిన ఒక్కటీ ముట్టించాడు. ఇంట్లో ఉల్లిపాయలు ఉన్నాయా లేవా అని ఆలోచిస్తున్నాను నేను.

అప్పుడు రెండోది వినపడింది.

ఇది తిరిగి రాలేదు. నేలలో మొదలై నేలలోనే ఆగిపోయింది. ఆ చప్పుడు ఏమిటో మా ఊళ్లో ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు.

"రాయి దొర్లిందేమో వదినా," అన్నాడు ఎసాద్.

"రాయే అయ్యుంటుంది," అన్నాను.

ఈ మాటలు ఇద్దరం పరిగెత్తుతూ అనుకున్నాం.

మంచె దాటాక నెత్తుటి చుక్కలు కనిపించాయి. పొదల పక్కనుంచి, చెట్ల మొదళ్ల దగ్గరికి, అక్కణ్ణుంచి లోపలికి. చెట్ల అంచున నేలలో నలుచదరంగా ఒక గుంట ఉంది. బోర్డు గుంజ పీకిన గుంట. మట్టి ఇంకా సరిగ్గా పూడలేదు.

"ఆగండి!" లోపల్నుంచి బెచిర్ గొంతు. "అక్కడే ఆగండి. ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు."

కనిపిస్తున్నాడు. మా గుమ్మానికీ గేటుకూ ఎంత దూరమో అంతే. పడిన చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కనే జింక పడి ఉంది. ఆయన కుడి కాలు మోకాలి కింద ఎలా ఉందో నేను చెప్పను. బెల్టు విప్పి తొడకు బిగిస్తున్నాడు.

నేను ముందుకు ఉరికాను. ఎసాద్ వెనక నుంచి నడుం పట్టుకుని కింద పడేశాడు. వాడి చెయ్యి కొరికాను. వదల్లేదు.

"పట్టుకోరా దాన్ని, వదలకు," అన్నాడు బెచిర్. "నా మోచేతి దగ్గర ఇంకొకటుంది. ఆకుల్లోంచి మూత కనిపిస్తోంది."

చేపల డబ్బా అంత ఉంటుంది అది. యుద్ధంలో మావాళ్లు దాన్ని మాంసం డబ్బా అనేవాళ్లు. "తినడానికి మాత్రం పనికిరాదు," అని బెచిరే అన్నాడు.

ఎసాద్ ఒక చేత్తో నన్ను పట్టుకుని, ఒక చేత్తో ఫోన్ చేశాడు. అంబులెన్సు వస్తుందట, కానీ అడవిలోకి రాదట. మందుపాతరలు తీసేవాళ్లు జిల్లా అవతల నుంచి రావాలి. వాళ్లు దారి చేసేదాకా ఎవరూ లోపలికి పోకూడదు.

వాళ్ల కంటే ముందు హైరో వచ్చాడు. జీపు దిగి, చెట్ల అంచు దాకా వచ్చి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు లేదు.

నేను లేచాను. అరవలేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "హైరో, కొండ శుభ్రం అన్నావు కదా?"

హైరో టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"జింక నడిచిన చోట మనిషి నడవొచ్చు అన్నావు. ఇదిగో, జింక నడిచిన దారి. నెత్తుటితో గీత గీసి మరీ చూపించింది. వెళ్లి ఆయన్ని తీసుకురా."

హైరో నేల వైపు చూశాడు. ఆ గుంట అతని బూటు ముందే ఉంది. బూటు కదల్లేదు. చాలాసేపు చూశాను. కదల్లేదు.

అంతే. ఇంక హైరోను నేనేమీ అడగలేదు. అడగాల్సినదానికి ఆ బూటే జవాబు చెప్పింది.

"షెఫికా, వాణ్ణి వదిలెయ్," అన్నాడు బెచిర్. "నాతో మాట్లాడు."

"మాట్లాడుతున్నా."

"గడ్డి ఎండిందా?"

"ఎండింది. రేపు వామి వెయ్యొచ్చు."

"ఎసాద్ వెయ్యడు, నువ్వే నిలబడి వేయించు. వాడు వేస్తే వంకరగా వేస్తాడు."

"నువ్వే వెయ్యి, నేను కూర్చుని చూస్తా," అన్నాడు ఎసాద్. వాడి మొహమంతా తడిసిపోయింది.

"నా కాఫీ తాగేశాడా వీడు?"

"లేదు. ఉంది. నీకే ఉంచాను."

బెచిర్ కాసేపు ఊపిరి తీసుకున్నాడు. తర్వాత చేతికందిన కొమ్మ ఒకటి విరిచాడు. వంగి, జింక నోట్లో పెట్టాడు. అంత నొప్పిలో, అంత నెమ్మదిగా. "మంచి పోతు," అన్నాడు. "చివరి ముద్ద పెట్టాను. పరవాలేదు దానికి."

"బెచిర్, నన్ను క్షమించరా," అన్నాడు హైరో. "అది దాటిందిరా అక్కడ... జింక దాటింది కదా..."

బెచిర్ నవ్వాడు. నిజంగా నవ్వాడు. "జింకకు నాలుగు కాళ్లు హైరో. ఒక్కో కాలి మీద పసిపిల్ల బరువు కూడా పడదు. నాకు రెండే."

ఆ తర్వాత కూడా మాట్లాడాడు. ఆకు ఊదడం మే నెలలో ఎందుకు పనికిరాదో చెప్పాడు. హస్నియా మొగుడి గురించి ఇంకో జోకు వేశాడు. ఇరవై ఏళ్ల మాటలు కొండ మీద గంపలతో పోశాడు, నేను లోపలికి రాకుండా ఉండేందుకు. ఆయన మాట వినపడుతున్నంతసేపు నేను కదలనని ఆయనకు తెలుసు. నేను అడుగుతూనే ఉన్నాను, ఆయన చెబుతూనే ఉన్నాడు. చెట్లలో వెలుగు తగ్గుతోంది. బెల్టు కింద ఆకులు నల్లబడుతున్నాయి.

మందుపాతరలు తీసేవాళ్లు వచ్చారు. మొదటివాడు పొట్ట మీద పడుకుని, సన్నటి చువ్వతో నేలను తడుముతూ, మొదటి గుర్తు కొయ్య పాతాడు.

"వచ్చారు బెచిర్! చూడు, వచ్చారు. గారొవ్‌కు ఏం పెట్టమంటావు ఇవాళ?" అన్నాను.

జవాబు రాలేదు. గారొవ్‌కు ఏం పెట్టాలి అని మళ్లీ అడిగాను. మళ్లీ అడిగాను. ఎసాద్ నా నోరు చేత్తో మూశాడు.

జనాజాకు, ఆయన్ని మట్టి చేసే రోజున, సంఘమంతా ఆకుపచ్చ కోట్లు వేసుకుని వచ్చింది. గౌరవంగా గాల్లోకి తుపాకులు పేలుస్తామని హైరో కబురు పంపాడు. ఆ తూటాలు దాచుకోమన్నాను. పోలీసు వచ్చి, మీ ఆయన మంచె దగ్గరి దారి వదిలి సొంత పూచీతో అడవిలోకి వెళ్లాడు అన్నాడు. దెబ్బ తిన్న జింకను వదిలేసి ఇంటికి రమ్మని ఏ వేటగాడికైనా చెప్పగలరా మీరు? ఆ సంగతి తెలిసే కదా అక్కడ మంచె కట్టారు?

మూడో రోజు ఎసాద్ గొడ్డలి తీసుకుని వాగు దాటి ఆ మంచె మీద పడ్డాడు. నేను ఆపలేదు. పైకప్పుకు లోపల కొట్టిన చెక్క ఊడదీశాడు. ఊడదీసి ఆగిపోయాడు. "వదినా, పైకి రా," అన్నాడు. ఎక్కి చూశాను.

పైకప్పుకు వాడిన రేకులు మా కొండ బోర్డులే. బయటివైపు ఆకుపచ్చ రంగు పూశారు. లోపలివైపు పూయడానికి బద్ధకమేసి చెక్క కొట్టి కప్పేశారు. వరసగా పుర్రెలు. ఎర్రగా, రంగు కూడా చెదరకుండా. బెచిర్ వాటి కిందే కూర్చుని ఆకు ఊదాడు. ఆయన తల మీద జానెడు ఎత్తులో రాసి ఉంది, లోపలికి పోవద్దని.

రేకు దండగ కాకూడదని వాడామన్నాడట హైరో. దండగ!

ఇప్పుడు సెప్టెంబరు వస్తోంది. ఆడ జింకల వేట మొదలవుతుంది. అతిథుల గదుల్లో కొత్త దుప్పట్లు పరిచారట, జింకను పిలవడానికి పై ఊరి నుంచి ఇంకొకణ్ణి మాట్లాడారట. అతనికీ పెళ్లాం ఉంది. ఆమెతో మాట్లాడి వచ్చాను.

కాబట్టి చేయాల్సింది చెబుతున్నాను. కొండను మూసెయ్యండి. వాగు మొదలు పైగట్టు దాకా జానెడు జానెడు వెతికించండి. ఎన్నేళ్లు పట్టినా సరే. శుభ్రం అన్న మాట నేలను చేత్తో తడిమినవాడు చెప్పాలి. ప్రెసిడెంటు చెప్పకూడదు, కెమెరా చెప్పకూడదు, జింక చెప్పకూడదు. వాళ్లు ఆ మాట చెప్పిన రోజున హైరో, డిప్యూటీ ముందు నడవాలి, ఊరంతా అంచున నిలబడి చూస్తుంది. బోర్డులు పీకమన్నవాడెవడో, పీకినవాడెవడో కోర్టులో పేరు పెట్టి చెప్పాలి.

వాగు వంతెన మీద ఎసాద్ ట్రాక్టరు అడ్డంగా పెట్టాడు. నేను, హస్నియా, మిల్లు ఆడవాళ్లు దాని ముందు కూర్చున్నాం. పరామర్శకు పిండివంటలు పట్టుకుని రాకండి. పోలీసుల్ని తెస్తే తెండి, అతిథుల కార్లు తెస్తే తెండి, ఒక్కటి కూడా దాటదు. మందుపాతరలు తీసేవాళ్ల బండి వస్తే మాత్రం ట్రాక్టరు పక్కకు తీస్తాం.

ఆ బండిని పంపండి. ఇవాళే.